పళ్ళు లేని చోటు

నలభై ఒక్క ఏళ్ళు గుర్రాలకు కళ్లేలు చేశాను. తోలు పని నాది కాదు. నోట్లో ఉండే ఇనుప కడ్డీ నాది. పగ్గం లాగితే కడ్డీ లాగుతుంది. గుర్రం ఆగుతుంది. నాకు తెలిసింది అంతే. అంతకంటే తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గుర్రాన్ని ఎవరూ కొలిమి దగ్గరికి తీసుకురారు. నిప్పు చూస్తే బెదురుతుంది. గుర్రం తాలూకు మనిషి దాని పెదవుల మధ్య ఒక పుల్లను అడ్డంగా పెట్టి, రెండు చివర్లా కత్తితో గాటు పెట్టి తెస్తాడు. గాటుకూ గాటుకూ మధ్య దూరమే నోటి వెడల్పు. ఆ పుల్లను బట్టి కడ్డీ కొడతాం. మా నాన్న అలాగే కొట్టాడు. ఆయనకు నేర్పినవాడూ అలాగే కొట్టాడు. పుల్ల వెడల్పు చెబుతుంది. లోపల ఏముందో చెప్పదు. లోపల ఏముందని మేమెవరమూ అడగలేదు.

నా కడ్డీలకు ఒక గుర్తుంది. ఎక్కువగా రెండు ముక్కల కడ్డీలే చేస్తాను. మధ్యలో కీలు ఉంటుంది. ఆ కీలు మీద మినప గింజంత బొడిపె వదులుతాను. దానికి పనేమీ లేదు. అది ఉంటే నా చేతి పని అని అర్థం. చుట్టుపక్కల స్వారీ చేసే వాళ్ళందరికీ ఆ బొడిపె తెలుసు.

ఒక సోమవారం పొద్దున మా మరదలు నా కొలిమి షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఆరేళ్ళ తర్వాత.

మా ఆవిడకు చెల్లెలు. ఊరి చివర స్వారీ నేర్పే లాయంలో గుర్రాలకు నడక నేర్పుతుంది. మా ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం మంచం పక్కన కూర్చోవలసిన వంతు ఈమెది. ఏదో గుర్రం ఈనుతోందని ఫోన్ వచ్చింది. లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మేము మొహం మీద గుడ్డ కప్పేశాం. ఆ రోజు నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు. క్షమించే ఉద్దేశం నాకు లేదు. ఇది రాసే ఇవాళ్టికీ లేదు.

"బతికే ఉన్నావా బావా?" అంది.

"చూసి పోదామని వచ్చావా?"

"పుల్ల ఇచ్చి పోదామని వచ్చాను. నిన్ను చూడటం కొసరు."

పుల్లను, ఇనుము కొట్టే దాగలి మీద పెట్టింది. నేను తీసుకోలేదు.

"ఒక ఆడగుర్రం," అంది. "అందరూ మొండిది మొండిది అంటారు. ఇప్పుడు దాని పేరే అదైపోయింది. మూడు వారాల కిందట మా యజమాని కూతురు ఎక్కింది. ఆపితే ఆగలేదు. ఎంత లాగితే అంత పరుగు. గేటు మలుపులో ఆ పిల్ల కింద పడింది. మెడ పక్క ఎముక విరిగింది."

"అయితే?"

"శుక్రవారం పొద్దున లారీ వస్తుంది. కబేళా లారీ. ఆలోగా అది ఎంత పరుగులో ఉన్నా ఆపగలనని చూపించాలి. చూపిస్తే ఉంచుతాడు. లేకపోతే ఎక్కిస్తాడు. నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గట్టి కళ్లెం తెమ్మన్నాడు."

"నువ్వేమంటావు?"

"నువ్వొకసారి వచ్చి దాని నోరు చూడమంటాను."

"నేను ఇనుము చూస్తాను. గుర్రాలను చూడను."

"అవును బావా. నువ్వు దేన్నీ చూడవు. అక్కకి కడుపులో నొప్పి ఆర్నెల్లుంది. పక్కనే పడుకున్నవాడివి. తెలిసిందా నీకు?"

నేను పుల్ల లాక్కున్నాను. "రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు. ఇప్పుడు పో."

"మంచినీళ్ళు కూడా ఇవ్వవా?"

"కుళాయి బయట ఉంది."

తాగే వెళ్ళింది. కుళాయి కట్టలేదు. కావాలనే.

మంచి పని చేశాను. ఆ సంగతి ఒప్పుకోవాలి. మధ్యలో నాలుక మీదుగా బొటనవేలంత మూపురం లేపాను. లాగితే అది అంగిలికి తగలాలి. రెండు వైపులా జానెడేసి కాళ్ళు కిందికి దించాను. పగ్గం ఆ కాళ్ళ చివర కడతారు. కాలు ఎంత పొడవైతే చేతి బలం అన్ని రెట్లై నోటికి చేరుతుంది. గడ్డపారతో బండను లేపినట్టే. దవడ కింద గొలుసు తగిలించాను. నునుపు చేశాను. మూపురం మీద నా బొడిపె పెట్టాను. దీంతో ఏనుగునైనా ఆపొచ్చనుకున్నాను. మంగళవారం సాయంత్రం ఆమె వచ్చింది, తీసుకుంది, దాని వంక చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

బుధవారం మధ్యాహ్నానికే మళ్ళీ వచ్చింది. కుంటుతోంది. ఎడమ పక్కంతా ఇసుక. కళ్లేన్ని దాగలి మీద పడేసింది. మూపురం చుట్టూ నురగ ఎండిపోయి ఉంది. నురగలో ఎరుపు ఉంది.

"నేను లాగలేదు బావా. రెండు వేళ్ళు ముడిచాను. అంతే. రెండు కాళ్ళ మీద లేచి వెల్లకిలా పడింది. పక్కకి దొర్లాను కాబట్టి సరిపోయింది. లేకపోతే నువ్వొచ్చి నా మొహం మీద గుడ్డ కప్పాల్సొచ్చేది."

"నేను వచ్చేవాణ్ణి కాదు."

"తెలుసులే." నవ్వింది. "ప్యాంటు మోకాలి దాకా మడువు."

"ఏమిటీ?"

"మడవమన్నాను. నీ కాలు చూసి నేనేం మూర్ఛపోను."

ఎందుకు మడిచానో చెప్పలేను. ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మోకాలి కింద ముందు ఎముక మీద కడ్డీ ఆనించింది. పిక్క వెనక నుంచి గొలుసు తిప్పి తగిలించింది.

"ఇక్కడ చర్మం కింద ఎముకే. కండ ఉండదు. గుర్రం నోట్లో కడ్డీ ఆనే చోటూ ఇంతే. కాకపోతే అక్కడి ఎముక ఇంతకంటే సన్నం. చర్మం ఇంతకంటే పల్చన."

కళ్లేనికి నేను దించిన కాలి చివరను రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి తిప్పింది.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయను.

"ఇవి రెండు వేళ్ళు," అంది. "ఆ పిల్ల రెండు చేతులతో, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగింది. అలా లాగితే నువ్వేం చేస్తావు?"

"తంతాను."

"తన్నడానికి లేదు. లాగేవాళ్ళు నీ వీపు మీద ఉన్నారు."

"పారిపోతాను."

"పారిపోతే ఇంకా లాగుతారు."

నేను గొలుసు ఊడదీశాను. కాలి మీద ఎర్రటి గీత లేచింది. గీతకు మధ్యలో మినప గింజంత చుక్క ఉంది. నా బొడిపె.

ప్యాంటు దించుకుని షెడ్డుకు తాళం వేశాను.

నలభై ఒక్క ఏళ్ళలో లాయంలో అడుగు పెట్టడం అదే మొదలంటే ఎవరూ నమ్మరు. కళ్లెం కొట్టేవాళ్ళలో చాలామంది అంతే. పొడవాటి రేకుల కప్పు. కింద ఇరువైపులా కలిపి ఇరవై మూడు అరలు. అన్నిట్లోంచీ ఒకే చప్పుడు. గడ్డి నమిలే చప్పుడు. సన్నగా, తీరిగ్గా, ఆగకుండా. గుమ్మం పక్క గదిలో గోడ నిండా మేకులు. ప్రతి మేకుకూ ఒక కళ్లెం. దగ్గరికి వెళ్ళి చూశాను. ఇరవై మూడు కడ్డీలు. ఇరవై మూడు కీళ్ళు. ప్రతి కీలు మీదా నా బొడిపె. గర్వపడ్డాను. అబద్ధం చెప్పను, ఆ క్షణాన గర్వపడ్డాను.

మొండిది చివరి అరలో ఉంది. ముదురు గోధుమ రంగు. దాని వీపు నా గడ్డానికి అందుతుంది. మెడ కింద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. నన్ను చూసి వెనక గోడకు ఆనుకుంది. నా దగ్గర ఇనుము వాసన వస్తుంది కదా.

"చేతులు కడుక్కో," అంది మరదలు. "సబ్బుతో. ఆ తర్వాత వేలు పెదవి మూల నుంచి లోపలికి పెట్టు. అక్కడ పళ్ళుండవు. కరవడానికి లేదు."

"కరిస్తే?"

"తొమ్మిది వేళ్ళతో చేద్దువుగానిలే కళ్లేలు."

గుర్రం మెడ మీద ఆమె చెయ్యి వేసింది. నేను వేలు పెట్టాను.

నోరు తెరుచుకుంది.

ముందు పళ్ళు చూశాను. ఉలి అంచుల్లా పొడవుగా, పచ్చగా ఉన్నాయి. వాటి తర్వాత పళ్ళు లేవు. నాలుగు వేళ్ళ వెడల్పున ఖాళీ. ఆ ఖాళీ దాటాక, చీకట్లో, నమిలే పళ్ళు తిరగలి రాళ్ళలా మొదలయ్యాయి. రెంటికీ మధ్య వట్టి చిగురు. గులాబి రంగు. దాని మీద వేలు పెట్టాను. కింద ఎముక తగిలింది. గుండ్రంగా ఉంటుందనుకున్నాను. లేదు. కత్తి వెన్నులా ఉంది. పైన ఉన్న చర్మం కంటి రెప్ప కంటే మందం లేదు. ఆ చర్మం కింద రక్తం ఆడటం నా వేలికి తెలిసింది.

నేను నలభై ఒక్క ఏళ్ళు ఇనుము పెట్టింది దీని మీద.

ఈ ఖాళీ దానికి పుట్టుకతో ఉంది. మనిషి ఇనుము కరిగించడం నేర్చుకోక ముందే ఉంది. అది లేకపోతే కళ్లెం లేదు. కళ్లెం లేకపోతే స్వారీ లేదు, సైన్యం లేదు, బండి లేదు. నాలుగు వేళ్ళ వెడల్పు. మనిషి ఇంత జంతువునూ అక్కడ పట్టుకునే భూమంతా తిరిగాడు. నాకు వేలు తీయబుద్ధి కాలేదు.

"మెల్లగా నొక్కు," అంది మరదలు. "ఎంత మెల్లగా అంటే, పసిపిల్ల కంట్లో నలుసు తీసేటప్పుడు పెడతావే, అంత."

నొక్కాను. నొక్కానని నాకే తెలియనంత.

గుర్రం తల వంచింది. మెడ వంగింది. భుజాలు కదిలాయి. తర్వాత నడుము, తర్వాత వెనక కాళ్ళు. నా కంటే ఏడెనిమిది రెట్ల బరువున్న ఆ శరీరం మొత్తం, ముక్కు నుంచి తోక దాకా, ఒక అడుగు వెనక్కి వెళ్ళింది. చప్పుడు లేదు. బలవంతం లేదు. నా బొటనవేలు అడిగింది. అది సరేనంది.

వేలు తీశాను. ఆగిపోయింది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"ఏడుస్తున్నావా బావా?"

"గడ్డి దుమ్ము."

"ఆఁ. దుమ్మే."

తర్వాత ఆమె నాలుకను మెల్లగా పక్కకు తీసి పట్టుకుంది. నన్ను లోపలికి చూడమంది. చేతి లైటు ఇచ్చింది. నాలుక లావుగా ఉంది. పక్కకు తీస్తే తప్ప దవడ కనిపించడం లేదు. నోట్లో ఉన్న చోటంతా దానిదే. అంగిలి ఎత్తుగా, గుమ్మటంలా ఉంటుందనుకున్నాను. ఈ గుర్రానికి అంగిలి కిందికి దిగి ఉంది. నాలుకకూ అంగిలికీ మధ్య నా వేలే సరిగ్గా పట్టడం లేదు. రెండు ముక్కల కడ్డీని లాగితే కీలు దగ్గర మడుచుకుని పైకి లేస్తుంది. మూయబోయే కత్తెరలా. మిగతా వాటికి అది ఖాళీలోకి లేస్తుందేమో. దీనికి ఖాళీ ఏది?

అంగిలి మీద లైటు వేశాను. రెండు పాత మచ్చలు, ఒక కొత్త పుండు. కొత్త పుండు ఈ పొద్దుటి మూపురం చేసింది. పాత మచ్చల్లో ఒకటి గుండ్రంగా, లోతుగా ఉంది. మినప గింజంత. చుట్టూ అంచు కట్టి మానింది. నా చేతి పని అని ఎవరైనా గుర్తుపడతారు.

చూసి లైటు ఆర్పేశాను.

మరదలు నాలుక వదిలింది. నా చెయ్యి ఇంకా లోపలే ఉంది. గుర్రం నోరు మూసింది. నేను కదలలేదు. అది కొరకలేదు. నాలుక వచ్చి నా బొటనవేలిని తడిమింది. గోరు చుట్టూ తిరిగింది. కొలిమిలో కాలిన మచ్చ దగ్గర ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. గుడ్డివాడు మొహం తడిమి మనిషిని గుర్తుపట్టినట్టు. అంత మొరటు జంతువు నోట్లో అంత నేర్పు ఉంటుందని నాకెవరు చెప్పారు? నేనెవర్ని అడిగాను?

అక్కడ అంత నేర్పు ఉంది. దాన్నే మేము పుల్లతో కొలిచాం.

"వెడల్పు కాదు," అన్నాను. "లోపలి ఆకారం కావాలి."

అచ్చు తీయడానికి మైనం వాడదామనుకున్నాం. గుర్రం మైనం ఒప్పుకోదంది మరదలు. చివరికి గోధుమ పిండి గట్టిగా కలిపి పుల్ల చుట్టూ చుట్టాం. మొదటి ముద్దను తినేసింది. రెండోదీ తినేసింది. మరదలు గోడకు ఆనుకుని నవ్వింది. "ఇదేదో నీ చేతి వంట బాగుందనుకుంటోంది బావా. ఇన్నాళ్ళకి నీ వంట మెచ్చుకున్న ప్రాణి దొరికింది." మూడో ముద్దలో ఉప్పు దట్టించాను. ఈసారి నమల్లేదు. నోట్లో పెట్టుకుని నాలుక ఆనించి, నా వంక కోపంగా చూసింది. పది లెక్కపెట్టి తీశాను. నాలుక గుంట, రెండు దవడల అంచులు, అంగిలి దిగుడు, అన్నీ పిండిలో పడ్డాయి. చేతిరుమాల్లో చుట్టి, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని షెడ్డుకు తెచ్చాను.

గురువారమంతా ఆ ఒక్క కడ్డీ మీదే ఉన్నాను.

కీలు పెట్టలేదు. ఒకే కడ్డీ. తిన్నగా కొడితే నాలుకను అణుస్తుంది. అందుకని నాలుక ఒదిగేలా వెడల్పుగా, తక్కువ ఎత్తున వంపు తీశాను. ఇంద్రధనుస్సులా కాదు, నిద్రపోయే పిల్లి వీపులా. లావు గురించి చాలాసేపు ఆలోచించాను. లావు కడ్డీ మెత్తన, సన్న కడ్డీ కటువు అని మాలో అందరూ అంటాం. నేనూ అన్నాను. నోట్లో చోటుంటేనే ఆ మాట నిజం. చోటు లేని నోట్లో లావు కడ్డీ పెడితే నోరు మూతపడదు. రోజంతా రాయి నోట్లో పెట్టుకున్నట్టే. పిండి అచ్చులో చూసి చిటికెన వేలంత లావు దగ్గర ఆగాను. కాళ్ళు దించలేదు. గొలుసు లేదు. రెండు వైపులా ఒట్టి రింగులు. చెయ్యి ఎంత అడిగితే అంతే చేరాలి. ఒక పిసరు కూడా పెరగకూడదు.

మెరిసే ఉక్కు వాడలేదు. మామూలు ఇనుము వాడాను. ఉమ్మి తగిలితే కాస్త తుప్పు పడుతుంది. ఆ రుచి గుర్రాలకు ఇష్టమట. నోరు ఊరుతుందట. మరదలు చెప్పింది. ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. ఎప్పటి నుంచో తెలుసంది. నాకెందుకు చెప్పలేదని అడగలేదు.

అంచులు ఆకురాయితో తీశాను. వేలితో చూస్తే నునుపుగానే ఉంది. వేలి మీద నమ్మకం పోయింది. కడ్డీని నా నోట్లో పెట్టుకుని నాలుకతో చూశాను. మూడు చోట్ల గరుకు తగిలింది. తీశాను. మళ్ళీ పెట్టుకున్నాను. ఇంకో చోట తగిలింది. సందులోంచి చూసిన పక్క షెడ్డు వడ్రంగి, "ఏం పెద్దాయనా, ఇంట్లో బియ్యం అయిపోయాయా?" అన్నాడు. నోట్లో ఇనుము ఉండగా తిట్టడం కుదరలేదు.

శుక్రవారం పొద్దున లారీ మా కంటే ముందే వచ్చింది. వెనక తలుపు దించి, గుర్రాన్ని ఎక్కించే పలక వాల్చి ఉంచారు. డ్రైవరు పలక మీద కూర్చుని టీ తాగుతున్నాడు. యజమాని ఇసుక బరి కంచె దగ్గర నిలబడ్డాడు. పొడవాటి మనిషి. పక్కన కూతురు. చెయ్యి మెడకు వేలాడదీసి ఉంది. ఆ పిల్ల మొండిదాని వంక చూడటం లేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతోంది.

"ఇదేనా గట్టిది?" అన్నాడు యజమాని నా కడ్డీ చూసి. "ఇది గాడిదనైనా ఆపదే."

"ఎక్కేది నేను కదా సార్," అంది మరదలు.

"అక్కడ గోడ దాకా పరుగెత్తించు. నేను చెయ్యి ఎత్తుతాను. గోడ తగలకముందే ఆపాలి. ఒక్కసారే."

కడ్డీ నేనే పెట్టాను. ముందు నా అరచేతిలో వెచ్చబెట్టి పెట్టాను. అది ముక్కుతో వాసన చూసి, తల వెనక్కి తీసుకుని, మళ్ళీ వంచింది. పెదవి మూలలో ఒక్క ముడత పడేలా పట్టీ బిగించాను. కడ్డీ నాలుక మీదికి వెళ్ళి కూర్చుంది. దవడ ఒకసారి కదిలింది. రెండోసారి కదిలింది. ఆగిపోయింది. నెప్పి కోసం ఎదురుచూస్తోందని అర్థమైంది.

మరదలు కుంటుకుంటూ వచ్చి ఎక్కింది. రెండు చుట్లు నడిపింది. మూడో చుట్టులో వదిలింది.

పరుగు మొదలు కాగానే నేను కంచె పట్టుకున్నాను. అది మామూలు పరుగు కాదు. చెవులు మెడకు అతుక్కుపోయాయి. కళ్ళలో తెలుపు కనిపించింది. వెనక ఏదో తరుముతున్నట్టు పోతోంది. ఇన్నాళ్ళూ తరిమింది నోట్లోనే ఉంది. మొన్నటిదాకా అక్కడే ఉంది. ఇప్పుడు లేదని దానికింకా తెలియదు. గోడ దగ్గరవుతోంది. యజమాని చెయ్యి ఎత్తాడు. కూతురు కళ్ళు మూసుకుంది.

మరదలు లాగలేదు.

చేతులు ముందుకు చాచింది. పగ్గాలు వదులుగా వేలాడాయి. "లాగు!" అని యజమాని అరిచాడు. నేనూ అరిచాననుకుంటా. ఆమె అలాగే ఉంది. ఒక అంగ. రెండు అంగలు. గుర్రం నోరు తెరిచి, తల విదిలించి, నెప్పిని వెతికింది. దొరకలేదు. మూడో అంగలో ఒక చెవి వెనక్కి తిరిగింది. ఆమె వైపు. అడుగుతున్నట్టు.

అప్పుడు మరదలు వేళ్ళు ముడిచింది. నేను వేళ్ళ వంకే చూస్తున్నాను కాబట్టి కనిపించింది. మిగతావాళ్ళెవరికీ కనిపించి ఉండదు.

గుర్రం వెనక కాళ్ళు మడిచి ఇసుకలో జారింది. ఇసుక గోడ మీదంతా చిమ్మింది. ఆగింది. నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. గోడకు ఇంకా మూడు బారల దూరం ఉంది.

గుర్రం తల కిందికి దించి దవడ ఆడించింది. పెదవుల చివర తెల్లటి నురగ వచ్చింది. ఎరుపు లేదు. ఉన్నట్టుండి పెద్దగా ఊపిరి వదిలింది. ఇటు చివరన ఉన్న మాకు వినిపించేంత.

నా పెళ్ళిలో కూడా నాకు అంతగా ఒళ్ళు పులకరించలేదు. నిజం.

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. యజమాని కొట్టలేదు.

"ఇవాళ ఆగింది," అన్నాడు. "రేపు మా అమ్మాయి ఎక్కితే?"

"ఆగుతుంది సార్," అంది మరదలు దిగుతూ.

"నువ్వు దాన్ని ముద్దు చేసి చెడగొట్టినదానివి. నీ మాట కాదు. నా దగ్గర ఇంకా ఇరవై రెండు గుర్రాలున్నాయి. అన్నిటికీ అదే పాత కళ్లెం. ఒక్కటీ పారిపోలేదే? ఒక్కటీ ఎవర్నీ పడెయ్యలేదే? కళ్లెం మంచిదే. బుద్ధి దీనిదే చెడ్డది. ఏడాదికోసారి దయ్యం పడుతుంది దీనికి." డ్రైవరు వైపు తిరిగాడు. "ఎక్కించు."

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. మరదలు గుర్రం మెడ పట్టుకుంది. నా వంక చూడలేదు. చూసి ఉంటే నేను నోరు మెదిపేవాణ్ణి కాదేమో. ఆమె అడిగింది కాబట్టి చేశాననిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

"బుద్ధి దానిది కాదు," అన్నాను. "ఇనుముది."

"మీరే కదా పెద్దాయనా చేసింది?"

"నేనే చేశాను. దాని అంగిలి మీద నా గుర్తు ఉంది. వచ్చి చూడండి. పశువుల మీద కాల్చి వేసే ముద్రలా ఉంది. మీ అమ్మాయి లాగిన ప్రతిసారీ ఆ బొడిపె అక్కడ దిగింది. ఎంత లాగితే అంత దిగింది. మీ అమ్మాయి ఎముక విరగ్గొట్టింది ఆ గుర్రం కాదు. నేను. నలభై ఒక్క ఏళ్ళు గుర్రం నోట్లో వేలు పెట్టకుండా కళ్లేలు కొట్టాను. అది తెలివితక్కువతనం కాదు. అంతకంటే పెద్ద తప్పు."

యజమాని కాసేపు నా వంక చూశాడు. ఈ మనిషిని తిట్టాలా, ఏం చెయ్యాలా అన్నట్టు.

"నేను చూస్తాను నాన్నా," అంది కూతురు.

ఒంటి చెయ్యి కంచె మీద ఆనించి లోపలికి దూరింది. యజమాని ఆపబోయాడు. ఆ పిల్ల ఆగలేదు. మరదలు నాలుక పక్కకు తీసింది. నేను లైటు వేశాను. ఆ పిల్ల వంగి చూసింది. చాలాసేపు చూసింది. లేచేటప్పటికి మొహం పాలిపోయి ఉంది.

"ఇంత పెట్టుకుని నన్ను మోసిందా?" అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే.

యజమాని కూడా వచ్చాడు. చూశాడు. లారీ వైపు చెయ్యి ఊపాడు, పొమ్మన్నట్టు. డ్రైవరు పలక ఎత్తి గొళ్ళెం వేశాడు. "పొద్దున్నే మంచి మాట చెప్పారు బాబాయ్," అన్నాడు నాతో. ఖాళీ బండి గతుకుల్లో గలగలమంటూ వెళ్ళిపోయింది.

"మరి మిగతా ఇరవై రెండూ?" అన్నాడు యజమాని. ఈసారి గొంతులో పొగరు లేదు.

"అన్నీ చూడాలి. చూసేదాకా ఏ నోట్లోనూ నా ఇనుము పెట్టకండి."

మరదలు వెళ్ళి మేకుల మీంచి కళ్లేలు దించడం మొదలుపెట్టింది. "ఏడుపు రాకుండా చూసుకో బావా, దుమ్ము చాలా ఉంది," అంది. ఆమెతో నాకున్న లెక్క వేరు. అది తేలలేదు. నేను చేతులు కడుక్కుని మొదటి అరలోకి వెళ్ళాను.

ప్రతి నోరూ వేరు. ఒకదానికి అంగిలి గుమ్మటంలా ఉంది, అక్కడ నా కీలు ఏ హానీ చెయ్యలేదు. ఒకదానికి నాలుక సన్నగా, పక్కల బోలెడంత చోటు. ఒకదానికి పెదవులు ఎంత మందమంటే కడ్డీ ఎముక దాకా వెళ్ళనే లేదు. ఇరవై మూడు తలుపులు తెరిచి, ఇరవై మూడు ఇళ్ళలోకి వెళ్ళినట్టుంది. బయటి నుంచి అన్నీ ఒకే గుమ్మాలు.

ఎనిమిదో అరలో ముసలి గుర్రం ఉంది. తెల్లది. పిల్లలకు మొదటి పాఠాలు దాని మీదే చెబుతారు. దానంత నెమ్మదైనది లేదని అందరూ అన్నారు. నోరు తెరిచాను. పళ్ళు లేని చోట ఎముక ఒక పక్క గట్టు కట్టి, ఒక పక్క గాడి పడి ఉంది. గాడి వెడల్పు చూశాను. నా సన్న కడ్డీ వెడల్పు. వేలు పెడితే చక్కగా ఒదిగింది.

"ఎన్నేళ్ళుగా నా కడ్డీ దీనికి?" అన్నాను.

"పదమూడు," అంది మరదలు. "ఒక్క రోజు పారిపోలేదు. తల కూడా విదిలించలేదు. అందుకే ఎవరూ చూడలేదు."

వేలు బయటికి తీయబోయాను. ముసలిది పెదవులు దగ్గరికి చేర్చి నా చేతిని అలాగే పట్టుకుంది. గట్టిగా కాదు. లాక్కుంటే వచ్చేంత మెల్లగా. నేను లాక్కోలేదు.